అవతలి పక్షం పెద్దమనిషి

మా శిక్షణ గదికి దళసరి అద్దాలు బిగించారు. విమానం నెత్తిమీదుగా దిగుతున్నా లోపలికి వచ్చే చప్పుడు తక్కువే. బల్లమీది గ్లాసులో నీళ్ళు సన్నగా వణుకుతాయి, అంతే. ఆ వణుకు చూడగానే నా నోరు దానంతటదే ఆగిపోతుంది. మాట సగంలో ఉన్నా సరే, కుడిచెయ్యి గాలిలోకి లేచి విమానం దిగేదాకా అక్కడే నిలబడుతుంది. శంషాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికుల కౌంటర్ల దగ్గర పనిచేయడానికి కొత్తగా చేరినవాళ్ళకు నేను పాఠాలు చెబుతాను. మొన్న ఒకమ్మాయి పక్కదానితో, "మేడంకు బీపీ ఉన్నట్టుంది" అనడం నా చెవిన పడింది. బీపీ కాదమ్మా, దేవసహాయం సార్ అని చెబుదామనుకున్నాను గానీ, ఆ మాట మొదలుపెడితే పాఠం అటకెక్కుతుంది. అందుకని ఇక్కడ చెబుతున్నాను.

సార్‌ది మహేశ్వరం దగ్గర పల్లె. డిగ్రీ కాలేజీలో తత్వశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. ఆ శాస్త్రం మీద ప్రేమతో చదివారా అంటే అదేం లేదు. "రాజనీతిశాస్త్రంల సీటు దొరకలే. గుమస్తా, గీడ ఖాళీ ఉంది కూసుంటవా అన్నడు. కూసున్న" అని ఆయనే చెప్పేవారు. కూర్చున్న మనిషి ఇక లేవలేదు. ఆయన ఉద్యోగం చివరికొచ్చేసరికి ఆ శాఖలో చేరేవాళ్ళే కరువై, ఒకేడాది ఒక్క కుర్రాడే మిగిలాడట. ఆ ఒక్కడికీ సార్ రోజూ హాజరు పిలిచి, నల్లబల్ల నిండా రాసి, గంట కొట్టేదాకా పాఠం చెప్పారు. వాడు రాని రోజున ఖాళీ గదికి సెలవు ప్రకటించి మరీ ఇంటికి వెళ్ళేవారు. భార్య పోయాక మా ఊరు పాల్మాకులలో చిన్న ఇల్లు కట్టుకొని మా చర్చి సంఘంలో చేరారు. పొట్టి మనిషి, చేటంత చెవులు, చొక్కా జేబులో ఎప్పుడూ రాయని ఒక పెన్ను. ఎర్ర మోపెడ్ మీద మెల్లగా వెళుతుంటే పక్కన నడిచేవాళ్ళు ఆయనతో మాట్లాడుకుంటూ పోయేవారు.

వచ్చిన కొన్నాళ్ళకే ఆయన మా చర్చి గోడకు ఒక అట్టముక్క తగిలించారు. ప్రతి శనివారం సాయంత్రం పాశ్చాత్య తత్వశాస్త్రం, క్రైస్తవ దృక్పథం, అందరూ ఆహ్వానితులే అని అందులో రాసి ఉంది. రెండు వారాలు ఒక్క మనిషీ రాలేదు. మూడో వారం ఆ అట్ట అడుగున "చాయ్ ఇవ్వబడును" అని చేర్చారు. ఆ రోజు హాలు నిండింది. నేను అప్పుడే డిగ్రీ పూర్తిచేసి విమానాశ్రయంలో కౌంటరు ఉద్యోగంలో కొత్తగా చేరాను. ఇంట్లో ఉంటే పెళ్ళి సంబంధాల ఫొటోలు చూపిస్తారని క్లాసుకు పోయేదాన్ని. జ్ఞానదాహం తరవాత పుట్టింది.

మా హాలు సరిగ్గా విమానాలు దిగే దారి కింద ఉంది. విమానం వస్తే మనిషికి మనిషి మాట వినబడదు. సార్ గొంతు పెంచేవారు కాదు. చెయ్యి పైకెత్తి ఆగిపోయేవారు. "దేవుడు ఉన్నడా అంటె..." అని ఆయన చెయ్యెత్తితే, మేమంతా నోళ్ళు తెరుచుకొని, పైన ఆ ఇనప పక్షి పోయేదాకా దేవుడు ఉన్నాడో లేడో తెలియక కూర్చునేవాళ్ళం. ఆ ఆగడం క్లాసుకు మేలే చేసిందని సార్ అనేవారు. మనిషి తన వాక్యాన్ని తాను మళ్ళీ విని, అవసరమైతే దిద్దుకునే వీలు దొరుకుతుందట.

తత్వవేత్తల పేర్లు ఆయన చెప్పేవారు కాదు. "పేరు చెప్తె భయపడ్తరు. ఊళ్ళె ఎవల్నైన అసలు పేరుతోటి పిలుస్తమా?" అని, మన ఊళ్ళలో మనుషులకు పెట్టినట్టే అందరికీ పేర్లు పెట్టారు. పొయ్యి పక్కన కూర్చొని అన్నింటినీ అనుమానించినాయన అనుమానాల మామ. రోజూ ఒకే వేళకు బయటికి నడిచి ఊరివాళ్ళ చేత గడియారాలు దిద్దించినాయన గడియారం సార్. క్రైస్తవం మీద నిప్పులు చెరిగిన జర్మనీ ఆయనకు గుబురు మీసాలుండేవట. ఆయన మీసాల పటేల్. మా వీధిలో ఆడవాళ్ళు కూడా, "మీసాల పటేల్‌కు ఆఖర్ల దిమాక్ ఖరాబైందంట గదా, పాపం" అని బంధువు సంగతి మాట్లాడుకున్నట్టు మాట్లాడుకునేవారు.

క్లాసులో అన్నింటికంటే పెద్ద నియమం ఒకటుంది. దాన్ని సార్ పుస్తకాల్లోంచి తేలేదు, మా ఊరి పంచాయితీ నుంచి తెచ్చారు. భూమి తగాదాలో గానీ మొగుడు పెళ్ళాల తగాదాలో గానీ, ఇటు పక్షానికి ఒక పెద్దమనిషి, అటు పక్షానికి ఒక పెద్దమనిషి కూర్చుంటారు. తన వాడి మాటను తన వాడికంటే బాగా చెప్పడం పెద్దమనిషి పని. అలాగే క్లాసులో ఏ తత్వవేత్తను కాదనాలన్నా, ముందు మాలో ఒకరు ఆయన తరఫున పెద్దమనిషిగా కూర్చొని, ఆయనే వింటే "నా మాట ఇదే" అని తలూపేలా చెప్పాలి. అంతవరకూ ఎవరూ బైబిలు వాక్యం ఎత్తకూడదు. ఎందుకు సార్ అని నేను అడిగితే, "పొరుగోని మీద అబద్ధసాక్ష్యం చెప్పొద్దని ఆజ్ఞ ఉన్నదా లేదా?" అన్నారు. ఉంది అన్నాను. "మరి గాయన చచ్చి నూరేండ్లయినా పొరుగోడే గదా. అనని మాట అన్నడని చెప్పి ఓడగొడ్తె, అది గెలుపెట్లయితది బిడ్డా?"

ఈ నియమం సరిగ్గా నడుస్తోందో లేదో చూడటానికి యాదయ్య తాత ఉండేవాడు. ఆయన మా చర్చి మనిషి కాదు, మైసమ్మకు మొక్కుకునే రైతు. జీవితమంతా చుట్టుపక్కల ఊళ్ళలో పెద్దమనిషిగా కూర్చున్న అనుభవం ఉన్నవాడు. చాయ్ కోసం వచ్చి, న్యాయం కోసం ఉండిపోయాడు. అనుమానాల మామ తన ఒంటిని, గోడలను, లోకాన్నంతా అనుమానించుకుంటూ పోయి, చివరికి అనుమానించే తానొక్కడే మిగిలాడని సార్ చెప్పిన రోజు తాత, "ఆయనకు పెండ్లాం లేనట్టుంది సారు. ఉంటె అనుమానం గంత దూరం పోనియ్యకపోవు" అన్నాడు. అందరూ నవ్వారు, సార్ నవ్వలేదు. "తాత మంచి తావు పట్టిండు. మామ 'నేను' అని మొదలువెట్టిండు. కాని పసిపిల్లకు నేను అనే మాట కంటె ముందు అమ్మ తెలుస్తది. ఎవలో పిలిస్తెనే మనం పలుకుతం. మన విశ్వాసం గా పిలుపు కాడ మొదలైతది" అన్నారు. నాకు తత్వశాస్త్రం పట్ల మొదటిసారి ఆకలి పుట్టింది అప్పుడే.

ఇదంతా హాలు గుమ్మం దగ్గర కుర్చీ వేసుకొని కనిపెట్టేవారు యేసుదాసు అంకుల్. సంఘ కమిటీలో ఆయన మాటకు ఎదురుండదు. విమానాశ్రయం వచ్చినప్పుడు భూములు అమ్మి టిప్పర్లు కొన్న మనిషి. పెద్ద గొంతు. చర్చికి స్లాబు వేయించింది, మైకు కొనిచ్చింది ఆయనే. ఆయన ఒక్కగానొక్క కొడుకు శామ్యూల్ ఇంజనీరింగులో చేరాక చర్చికి రావడం మానేశాడు. హాస్టలు నుంచి ఆదివారం ఇంటికి వస్తాడు, అమ్మ వండిన మటన్ తింటాడు, చర్చికి మాత్రం రాడు. ఏవో పుస్తకాలు చదివి చెడిపోయాడని ఊళ్ళో అనుకునేవారు. శామ్యూల్ మా క్లాసుకు ఒక్కసారి కూడా రాలేదు. అయినా తత్వశాస్త్రం అనే మాట వినబడితే చాలు, అంకుల్ ముఖం వేడి పెనంలా అయ్యేది.

మీసాల పటేల్ తరఫున పెద్దమనిషి పని నా నెత్తిన పడింది. వారమంతా సార్ దగ్గర కూర్చొని నేర్చుకున్నాను. శనివారం లేచి నిలబడి చెప్పాను. బలం లేనివాడు కొట్టలేక, కొట్టకపోవడమే మంచితనమని పేరు పెట్టుకున్నాడు. లేనివాడు సంపాదించలేక, లేకపోవడమే పుణ్యమన్నాడు. మీ క్షమ చేతకానితనానికి వేసిన ముసుగు, లోపలంతా పగే, నరకంలో అవతలివాడు కాలుతుంటే చూడాలన్న ఆశే. ఇక్కడిదాకా సార్ నేర్పింది. ఊపులో ఉన్నానేమో, ఇంకొంచెం ముందుకు పోయాను. "మన సంఘంలోనే చూడండి, క్షమించామని సాక్ష్యాలు చెప్పినవాళ్ళలో, ఎదుటివాడు తమకంటే బలహీనుడై ఉంటే ఎంతమంది క్షమించి ఉండేవారు?" అన్నాను. హాలు నిశ్శబ్దమైపోయింది. దానికి తగ్గట్టు విమానం కూడా రాలేదు. వెనక నుంచి యాదయ్య తాత ఒక్కడే, "శబాష్ బిడ్డా, గిది పెద్దమనిషి మాటంటె" అన్నాడు.

ఆ పొగడ్తకు ఫలితం మర్నాడే కనబడింది. పిల్ల విశ్వాసం నుంచి తొలగిపోయిందని స్త్రీల సమాజం నాకోసం ఉపవాస ప్రార్థన పెట్టింది. అత్తలు, పిన్నులు ఇంటికి వచ్చి నా తలమీద చేతులుంచి ప్రార్థించారు, తరవాత మా అమ్మ చేసిన ఉప్మా తిని ఉపవాసం విడిచారు. కుదరబోతున్న ఒక సంబంధం వాళ్ళు, పిల్లకు మీసాల పటేల్ గాలి సోకిందని వెనక్కి తగ్గారు. ఆ సంబంధం నాకు మొదటినుంచీ ఇష్టం లేదు కాబట్టి మీసాల పటేల్‌కు నేను ఇప్పటికీ కృతజ్ఞురాలిని. కానీ లోపల నిజంగానే గుబులు పట్టుకుంది. సార్ దగ్గరికి పోయి, "ఆయన చెప్పింది నిజమేననిపిస్తోంది సార్" అన్నాను.

సార్ అల్లం చాయ్ వడపోస్తూ, "నిజమే గదా" అన్నారు. "మన మీద ఆయన అన్నదాంట్ల సగం నిజమే. గాయన మనకు పరీక్ష పెట్టిండు, మనం ఫెయిలైనం. మనం ఫెయిలైతె సిలబస్ తప్పని అంటమా? చేతగానోడు కొట్టకపోతె అది చేతగానితనమే, ఒప్పుకుంట. కొట్టే బలం చేతినిండ పెట్టుకొని, సిలువ మీద గూడ కొట్టని వాణ్ణి ఒకణ్ణి చూపిస్త, ఆయన సంగతి ఏందని పటేల్‌ను అడుగు. మన జవాబు గదొక్కటే బిడ్డా. మనల్ని చూపియ్యకు, ఆయనను చూపియ్యి." నాకు ఏడుపు, నవ్వు కలిసి వచ్చాయి. మా అమ్మ ప్రార్థనలన్నిటికంటే ఆ మాట నన్ను ఎక్కువ నిలబెట్టింది.

ఈలోగా ఆ నియమం నా ఉద్యోగంలోకి కూడా జొరబడింది. సామాను బరువెక్కువైందని గొడవపడే ప్రయాణికుల తరఫున ముందు నేనే మాట్లాడటం మొదలుపెట్టాను. గల్ఫ్‌కు పోతున్న ఒకాయనతో, "మీరు అనేదేమిటంటే, అక్కడ మీతో గదిలో ఉండేవాళ్ళందరికీ వాళ్ళ అమ్మలు పచ్చళ్ళు పంపారు, ఏ సీసా తీసేసినా ఆ తల్లికి జవాబు చెప్పాలి, అంతేనా?" అన్నాను. ఆయన కళ్ళు తుడుచుకొని, అంతేనమ్మా అన్నాడు. వెనక వరసలో ఉన్నవాళ్ళు కూడా కళ్ళు తుడుచుకున్నారు. మా సూపర్‌వైజరు నన్ను పక్కకు పిలిచి, "జీతం ఎవలు ఇస్తున్నరు, కంపెనీయా, పచ్చళ్ళోళ్ళా?" అని అడిగాడు. పచ్చళ్ళు మాత్రం విమానం ఎక్కాయి.

యేసుదాసు అంకుల్ మాత్రం నా ఉపన్యాసం మరిచిపోలేదు. మరుసటి ఆదివారం ఆరాధన అయ్యాక, సంఘమంతా ఉండగానే కమిటీని కూర్చోబెట్టి, క్లాసు మూసేయాలని తీర్మానం పెట్టారు. "పోరగాండ్ల దిమాకులు ఖరాబైతున్నయి. గీ సారు చదువు మనకొద్దు. గంతే" అన్నారు. ఇంకేదో చెప్పబోయి, మానేసి కూర్చున్నారు. వాదన అంత బలహీనంగా ఉండేసరికి నాకు ధైర్యం వచ్చింది. సార్ లేచి నాలుగు మాటలు చెబితే క్లాసు నిలుస్తుందనుకున్నాను. పాస్టరుగారు, "మీ జవాబు చెప్పండి సార్" అన్నారు.

సార్ లేచారు. "యేసుదాసన్న కోపంల సగమే చెప్పిండు. మిగిలింది నేను చెప్త, తప్పుంటె అన్న సరిజేస్తడు" అన్నారు. "అన్నకు తత్వశాస్త్రం మీద పగ లేదు. కొడుక్కు జొరమొస్తె భుజం మీదేసుకొని గీ చర్చిదాక నడిచొచ్చిన తండ్రి ఆయన. ఇయ్యాల గా పిల్లగాడు ఇంట్ల ఉంటడు, అన్న వొక్కడే వస్తడు. శామ్యూల్ రాలేదా అని అడుగుతరు. పరీక్షలున్నయి అంటడు. ఏడాదంత పరీక్షలుండయని అడిగినోళ్ళకు తెల్సు, అన్నకు తెల్సు. కొడుకునే అడుగుదమంటె, ఏం జవాబు చెప్తడో అని భయం. గట్లాంటి మనిషి, ఇంక నలుగురి పిల్లలు గదే తొవ్వల పోతరేమో అనిపిస్తె, తలుపులు పెట్టమనక ఏమంటడు? ఆయన జాగల ఉంటె నేనైనా గదే అంట."

హాల్లో ముక్కులు ఎగబీల్చిన చప్పుడు తప్ప ఇంకేం లేదు. స్త్రీల సమాజం మొత్తం కొంగులు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను లేచి ఏదో అన్నాను గానీ ఆ ఏడుపుల్లో నాకే వినబడలేదు. క్లాసు మూయాలనేవాళ్ళు చేతులెత్తండి అంటే అందరి చేతులూ లేచాయి. సార్ చెయ్యి కూడా లేచింది. తన క్లాసును తానే మూయించుకున్న గురువును నేను ఇంకెక్కడా చూడలేదు. ఇంటికి వెళ్ళేటప్పుడు ఆయన మోపెడ్ వెనక కూర్చొని, "అవతలి పక్షం చెప్పారు సరే, తరవాత మన పక్షం ఎందుకు చెప్పలేదు సార్?" అని గొడవపడ్డాను. "చెప్పుదమనుకున్న. కాని ఆయన మాట చెప్పినంక నాకు గదే న్యాయమనిపించింది" అన్నారు. కొంతదూరం పోయాక, "నాక్కూడ మస్తు బాధయితుంది బిడ్డా. శనివారం పూట ఇగ ఏం జెయ్యాల్నో" అన్నారు. నేను కోపం మరిచిపోయి ఆయన చొక్కా పట్టుకొని ఏడ్చాను.

కొన్ని వారాలకు ఒక శనివారం సార్‌ను చూడటానికి వెళితే, రెండు సందుల అవతల కిరాణా కొట్టు వెనక యేసుదాసు అంకుల్ తెల్ల బండి కనబడింది. అంత పెద్ద బండి అంత చిన్న కొట్టు వెనక దాక్కోదు. సార్ ఇంటి తలుపు ఆ ఎండాకాలంలో మూసి ఉంది. తోసి చూస్తే, అంకుల్ తలకు తువ్వాలు చుట్టుకొని చాప మీద కూర్చున్నారు. నన్ను చూసి లేవబోయి, మళ్ళీ కూర్చున్నారు. "నువ్వేం పరేషాన్ గాకు అమ్మా. ఆ రోజు సారు నా మనసుల మాట నాకంటె మంచిగ చెప్పిండు. గట్లనే నా కొడుకు మాట గూడ నాకు నేర్పమని వచ్చిన. వానితోటి ఎట్ల మొదలువెట్టాల్నో నాకు తెల్వదు" అన్నారు. ఆ పెద్ద గొంతు అంత చిన్నగా పలకడం నేను అంతకుముందు వినలేదు.

సార్ ఆయనతో, "నీ కొడుకు ఏమనుకుంటున్నడో నాకు తెల్వదన్నా. ఆ వయసుల చదువుకున్నోళ్ళు ఏమనుకుంటరో చెప్త. తప్పుంటె వాడే దిద్దుతడు. నా మాట తప్పయితెనే మంచిది, మీకు మాట కలుస్తది" అన్నారు. అలా మూతపడిన క్లాసు, దాన్ని మూయించిన మనిషి ఒక్కడితోనే మళ్ళీ మొదలైంది. అంకుల్ శ్రద్ధగల విద్యార్థి. ఎంత శ్రద్ధ అంటే, నేర్చుకున్నది ఇంట్లో స్నానాల గదిలో బిగ్గరగా వల్లెవేసేవారు. ఒకరోజు పొద్దున్నే ఆయన భార్య మరియమ్మ ఆంటీకి లోపల నుంచి, "లోకంల గింత బాధ ఉన్నదంటె, దేవుడు మంచోడైతె చేతగానోడన్న గావాలె, చేతనైతె మంచోడన్న గాకుండ ఉండాలె" అని మొగుడి గొంతు గంభీరంగా వినబడింది. ఆమె వణికిపోతూ పాస్టరుగారికి ఫోన్ చేసింది. ఆయన దయ్యం వదిలించే ప్రార్థన నూనె సీసాతో, ఇద్దరు పెద్దలతో వచ్చేసరికి అంకుల్ తువ్వాలు కట్టుకొని బయటికి వచ్చారు. "నా మాట గాదు అయ్యగారూ, పోరని తరఫున" అని చెప్పుకోవడానికి ఆయనకు చాలాసేపు పట్టింది. నూనె తెచ్చారు కాబట్టి ఊరికే పోనివ్వడం ఎందుకని పాస్టరుగారు అంకుల్ నుదుటికి రాసే వెళ్ళారు.

ఆ ఆదివారం భోజనాల దగ్గర ఏం జరిగిందో మరియమ్మ ఆంటీ మా అందరికీ చెప్పింది. మటన్ వడ్డిస్తుండగా అంకుల్, "శామ్యూల్, నీ తరఫున నేను మాట్లాడుత. తప్పుంటె చెప్పు" అని మొదలుపెట్టి, నేర్చుకున్నదంతా అప్పజెప్పారు. కొడుకు ముద్ద చేతిలో పెట్టుకొని విన్నాడు. చివరికి, "అన్నీ కరెక్టే డాడీ, గవన్నీ నేను చదివిన. కాని నేను గందుకు మానలే" అన్నాడు. మరెందుకు అని అంకుల్ అడగలేదు, ఆగారు. ఆ ఆగడం సార్ దగ్గర నేర్చుకున్నదే. శామ్యూలే చెప్పాడు. "నాయనమ్మ చచ్చిపోయినప్పుడు నేను ఏడుస్తుంటె, నలుగురి ముందట నా నోరు మూసినవ్. ఆమె దేవుని దగ్గరికి పోయింది, ఏడిస్తె విశ్వాసం లేనట్టే అన్నవ్. నాకు ఏడుపొక్కటే నిజమనిపించింది. మిగిలిందంత అబద్ధమేమో అనుకున్న."

అంకుల్ దగ్గర ఆ మాటకు జవాబులు లేక కాదు. బైబిలు వాక్యాలు వరసగా నోటికి వచ్చు. ఒక్కటీ చెప్పలేదు. "కూర చల్లారిపోయింది, ఇద్దర్ల ఎవలూ లేవలే" అని మరియమ్మ ఆంటీ మాకు చెప్పి, తానే ముందు ఏడ్చింది.

శామ్యూల్ చర్చికి రాలేదు గానీ, శనివారాలు సార్ ఇంటికి రావడం మొదలుపెట్టాడు. కొన్నాళ్ళకు క్లాసు తిరిగి హాల్లో తెరవాలని అంకులే కమిటీలో తీర్మానం పెట్టారు. సార్ చర్చకు లేవబోతే యాదయ్య తాత ఆయన చెయ్యి పట్టుకొని, "నువ్వు మల్ల అవుతలోళ్ళ తరఫున చెప్తవ్. నడువ్, చాయ్ తాగి వొద్దం" అని బయటికి తీసుకుపోయాడు. తీర్మానం నెగ్గింది. అప్పటి నుంచి శామ్యూల్‌కు సార్ ఇచ్చిన పని క్రైస్తవుల తరఫున పెద్దమనిషిగా కూర్చోవడం. మొదట్లో వాడు చాలా అన్యాయంగా చెప్పేవాడు. తాత ఊరుకోలేదు. "నేను గూడ మీ దేవునికి మొక్కనోణ్ణే. కాని తరఫున కూసున్నంక మంచిగ చెప్పాలె పోరడా, నీకు మనసు లేనట్టుంది" అని మళ్ళీ మళ్ళీ చెప్పించేవాడు.

పోయిన వానాకాలం సార్ కాలం చేశారు. పెద్ద జబ్బేమీ కాదు, జ్వరం వచ్చింది, తగ్గలేదు. సమాధుల తోటలో మేమంతా గొడుగుల కింద నిలబడ్డాం. పాస్టరుగారు ప్రార్థన చేసి, ఎవరైనా రెండు మాటలు చెబుతారా అని అడిగారు. శామ్యూల్ ముందుకు వచ్చాడు. కమిటీవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు, ఒకాయన అడ్డుపోబోయాడు. యేసుదాసు అంకుల్, "చెప్పనియ్యుండ్రి. మా వానికి మన మాట వచ్చు" అన్నారు.

"నేను నమ్మను. అది సార్‌కు తెల్సు" అని మొదలుపెట్టాడు శామ్యూల్. "కాని ఇయ్యాల నమ్మెటోళ్ళ తరఫున చెప్త. సార్ చచ్చిపోలేదని వీళ్ళు అంటలేరు. చచ్చిపోయిండు. గీ గుంత నిజం, మన్ను నిజం. వీళ్ళు అనేది ఒక్కటే, ఆఖరి మాట మన్నుది కాదని. పేరు పెట్టి పిలిచేటోడు ఒకడున్నడని. వీళ్ళ దేవుడు కూడ ఒకసారి దోస్తు సమాధి కాడ నిలబడ్డడు. జరసేపైతె లేపుతనని ఆయనకు తెల్సు. తెలిసి కూడ ఏడ్చిండు. గందుకే వీళ్ళ నమ్మకంల ఏడ్చుడు తప్పు కాదు. నమ్మినోళ్ళు ఏడ్వొచ్చు." ముసలమ్మలు ఆమెన్ అన్నారు. వాడు తండ్రి వైపు తిరిగి, "కరెక్టేనా డాడీ?" అని అడిగాడు. తల్లి సమాధి దగ్గర కన్నీటిచుక్క రాల్చని ఆ మనిషి, అందరి ముందూ నోరు తెరిచి గట్టిగా ఏడ్చారు. కొడుకు ఆయన నోరు మూయలేదు. గొడుగు ఆయన మీదికి జరిపి పక్కన నిలబడ్డాడు.

శామ్యూల్ ఇప్పటికీ నమ్మడు. నేను నమ్ముతాను. ఇద్దరం శనివారాలు క్లాసు నడుపుతున్నాం, చాయ్ యథావిధిగా ఇవ్వబడును. సార్ అలవాటు నా ఒంట్లో ఎంత ఇంకిందంటే, ఇంట్లో గొడవ వస్తే ముందు మా ఆయన తరఫున నేనే మాట్లాడతాను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన నోరు విప్పకుండానే చాలా గొడవలు గెలిచారు. నన్ను కాదనేవాళ్ళ మాట నా నోట పలకడానికి నాకిప్పుడు భయం లేదు, వాళ్ళను వింటే నా విశ్వాసం కరిగిపోతుందన్న బెంగా లేదు. అందరి పక్షానా మాట్లాడగలను. సార్ లేరనే మాట దగ్గరికి వచ్చేసరికి మాత్రం, ఇంకెవరి తరఫునా కాదు, నా తరఫునే ఏడుస్తాను.